డబ్బా పాకం నుంచి గింజల్లోకి: మాష్ అనే ఆ ఒక్క గంట గురించి

జీలుగు చెట్టు నుంచి పొద్దున్నే దించిన కల్లు ఎండెక్కేసరికి నురగ కట్టేస్తుంది, ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. ఎండిన ఇప్పపువ్వు నీళ్ళలో నానేసినా అంతే, దానంతటదే పొంగుతుంది. అదే గుప్పెడు చోళ్ళో (రాగులు) బియ్యమో నీళ్ళలో పోసి వారం వదిలేయండి, పుల్లటి కంపు తప్ప ఇంకేం రాదు. ఎందుకంటే కల్లులో, ఇప్పపువ్వులో చక్కెర ముందే తయారుగా ఉంది, ఈస్ట్ (చక్కెరని తిని ఆల్కహాల్ చేసే సూక్ష్మజీవి) వచ్చి తినడమే తరువాయి. గింజలో ఉన్నది స్టార్చ్, అంటే పిండి పదార్థం. బీరు ఈస్ట్ స్టార్చ్‌ని తినలేదు. కాబట్టి గింజతో బీరు చెయ్యాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఆ స్టార్చ్‌ని చక్కెరగా మార్చాలి, కిట్ డబ్బా (నీళ్ళు కలిపి బీరు చేసుకునే తయారు పాకం) కొన్నప్పుడు ఆ పని ఫ్యాక్టరీవాళ్ళు చేసిపెట్టారు, గింజల్లోకి మారితే ఆ పని మనం చేస్తాం, దాన్నే మాష్ అంటారు, తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఒడిశాలోని మా రాయగడ నుంచి, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం నుంచి చదువులకీ ఉద్యోగాలకీ ఆస్ట్రేలియా, అమెరికా వెళ్ళిన మన తెలుగు పిల్లలు చాలామంది అక్కడ కిట్ కొనుక్కుని ఇంట్లో బీరు కాచుకుంటున్నారు. నేనూ అక్కడ ఉన్నన్నాళ్ళు కాచాను, ఇప్పుడు రాయగడలో ఉంటున్నా గానీ మెల్‌బోర్న్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే మాట, "మావయ్యా, కిట్ బీరు బోరు కొట్టేసింది, గింజల్తో చెయ్యాలంటే ఎంత సామాను కొనాలి, ఆల్-గ్రెయిన్ అంటే చాలా కష్టమంట కదా" అని. వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట పెడుతున్నా.

ముందు ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మన దేశంలో మద్యం రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం. ఒడిశాలో గానీ ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు కాచడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అటు మహారాష్ట్ర సరిహద్దులో సిరొంచ వైపు ఉన్న మనవాళ్ళకైతే గడ్చిరోలి జిల్లా మొత్తం 1993 నుంచి మద్యనిషేధంలోనే ఉంది. అందుకని ఇక్కడ కూర్చుని ఎవరూ ప్రయత్నం చెయ్యొద్దు. బ్రిటన్‌లో 1963లోనే ఇంటి బీరుకి లైసెన్స్ అక్కర్లేదన్నారు, అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఫెడరల్ స్థాయిలో అనుమతి వచ్చింది, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అదీ అమ్మకుండా. అలాంటి చోట ఉన్నవాళ్ళ కోసం ఈ వ్యాసం. ఇక్కడ ఉన్నవాళ్ళు చట్టబద్ధంగా, చుక్క మత్తు లేకుండా చేసి చూడగలిగే ప్రయోగం ఒకటుంది, చోళ్ళతో, అది కూడా కింద చెప్తాను, నిజానికి అసలు విషయం దాన్లోనే బాగా అర్థమవుతుంది.

డబ్బాలో ఏముంటుందో చూద్దాం. మాల్ట్ చేసిన (మొలకెత్తించి ఆరబెట్టిన) బార్లీని ఫ్యాక్టరీలో వేడినీళ్ళతో కలిపి, తీపి రసం తీసి, ఆ రసంలో నీళ్ళు ఎగరగొట్టేస్తారు. చెరుకురసం మరిగించి పాకం, బెల్లం చేసినట్టే, పాకం దగ్గర ఆపితే లిక్విడ్ ఎక్స్‌ట్రాక్ట్, పూర్తిగా ఆరబెట్టి పొడి చేస్తే డ్రై ఎక్స్‌ట్రాక్ట్. నీళ్ళు పోస్తే మళ్ళీ రసం. ఈ తీపి రసాన్నే వర్ట్ అంటారు. ఆస్ట్రేలియాలో దొరికే మామూలు కూపర్స్ కిట్ డబ్బా 1.7 కేజీలు, అందులో హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చేదు కూడా ముందే కలిపేసి ఉంటుంది, దానికి ఒక కేజీ చక్కెర లాంటిది కలిపి 23 లీటర్లు చెయ్యమంటారు. ఇక్కడ ఆలోచించండి, బీరు ఎంత చేదుగా ఉండాలి, నోట్లో ఎంత నిండుగా ఉండాలి, ఎంత పొడిగా (అంటే తీపి మిగలకుండా) ఆగాలి, ఇవన్నీ మీరు డబ్బా మూత తియ్యకముందే ఎవరో నిర్ణయించేశారు. పైగా లిక్విడ్ ఎక్స్‌ట్రాక్ట్ నిల్వలో రంగు తిరుగుతుంది, పాతబడేకొద్దీ ఒకరకమైన మాగిన తీపి రుచి వస్తుంది. కిట్ బీర్లన్నీ ఒకేలా ఉన్నాయి అని చాలామంది అనడానికి ఇదొక కారణం, ఆ కేజీ చక్కెర ఇంకో కారణం. మూడో కారణం కూడా ఉంది, అది డబ్బాది కాదు, దానికి తర్వాత వస్తాను.

కిట్ నుంచి నేరుగా గింజల్లోకి దూకాలా అంటే, మధ్యలో ఒక మెట్టుంది. హాప్స్ కలపని ఎక్స్‌ట్రాక్ట్ తెచ్చుకుని, మనమే హాప్స్ వేసి గంట మరిగించడం, పక్కన ఒక సంచిలో అరకేజీ లోపు క్రిస్టల్ మాల్ట్ (లోపలే చక్కెర తయారైన మాల్ట్, కింద చెప్తాను) లాంటివి వేడినీళ్ళలో నానేసి ఆ రంగు రుచి కలపడం. ఒకట్రెండు సార్లు ఇది చేస్తే మరిగించడం, చల్లార్చడం చెయ్యి అలవాటవుతుంది, అప్పుడు గింజల రోజున కొత్తగా నేర్చుకోవాల్సింది మాష్ ఒక్కటే మిగుల్తుంది. నా మటుకు నేను ఈ మెట్టు ఎక్కే వెళ్ళమంటాను.

ఇక మాల్ట్. మాల్ట్ అంటే మనకి కొత్తేం కాదు, రాగి మాల్ట్ తాగని ఇల్లు లేదు. చోళ్ళు నానేసి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించి పిండి పట్టిస్తాం. బార్లీకీ అదే పద్ధతి, నానబెట్టడం, మొలకెత్తించడం, వేడిగాలిలో ఆరబెట్టడం. మొలక ఎందుకంటే, గింజ మొలకెత్తాలనుకున్నప్పుడు లోపల దాచుకున్న స్టార్చ్‌ని చక్కెర చేసుకుని తినడానికి కొన్ని ఎంజైమ్‌లు తయారు చేసుకుంటుంది. ఆ ఎంజైమ్‌లు తయారయ్యాక, స్టార్చ్ ఖర్చవకముందు, మొలకని ఆపి ఆరబెట్టేస్తే మనకి రెండూ మిగుల్తాయి, తినాల్సిన స్టార్చూ, దాన్ని కోసే ఎంజైమూ ఒకే గింజలో. 1833లో పాయెన్, పెర్సో అని ఇద్దరు ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్తలు ఇదే మాల్ట్ నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజ్ అని పేరుపెట్టారు, ఎంజైమ్ అనే దాన్ని మనుషులు విడిగా పట్టుకోవడం అక్కడే మొదలు.

అన్నట్టు మన ఇళ్ళలో రాగి మాల్ట్ వేయిస్తాం కదా, కమ్మటి వాసన కోసం. ఆ వేపుడులో ఎంజైమ్ చాలావరకు చచ్చిపోతుంది. బార్లీలో కూడా ఇదే లెక్క. లేతగా ఆరబెట్టిన బేస్ మాల్ట్‌లో ఎంజైమ్ నిండుగా ఉంటుంది, బాగా మాడ్చిన నల్ల మాల్ట్‌లో అసలు ఉండదు. క్రిస్టల్ మాల్ట్ అయితే తడిగా ఉన్నప్పుడే వేడిచేస్తారు, అందుకని గింజ లోపలే స్టార్చ్ చక్కెరై గట్టిపడిపోతుంది, దాన్ని ఊరికే నానబెడితే చాలు తీపి దిగుతుంది. పైన చెప్పిన సంచిలో క్రిస్టల్ నానేస్తే పనవుతుంది గానీ బేస్ మాల్ట్‌ని ఏదో ఒక వేడిలో నానేస్తే స్టార్చ్ నీళ్ళు వస్తాయి తప్ప వర్ట్ రాదు, దీనికి కారణం ఇదే. వాడే గింజల్లో నూటికి ఎనభై తొంభై వంతులు బేస్ మాల్ట్ ఉండాలి అనేది మొదటిసారి చేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క.

ఇప్పుడా ప్రయోగం. రాయగడ సంతకో జయపురం సంతకో వెళ్తే కొండల మీంచి దిగే ఆడవాళ్ళు మండియా అమ్ముతారు, అదే మన చోళ్ళు. ఒక కేజీ తెచ్చి సగం మామూలు పిండి పట్టించండి. మిగతా సగం రాత్రంతా నానేసి, తడిగుడ్డలో రెండ్రోజులుంచి మొలకలొచ్చాక ఎండలో మాత్రమే ఎండబెట్టండి, వేయించొద్దు, మొలకలు రుద్ది చెరిగేసి విడిగా పిండి చెయ్యండి. మామూలు పిండితో గంటె నిలబడేంత చిక్కగా జావ కాచండి. పొయ్యి దించి థర్మామీటర్ పెట్టి 65 డిగ్రీలకి చల్లారనివ్వండి. అప్పుడు ఆ మొలకల పిండి ఒకట్రెండు చెంచాలు వేసి కలపండి. కొన్ని నిమిషాల్లో ఆ చిక్కటి జావ కళ్ళముందే పల్చబడి జారిపోతుంది, నీళ్ళు పొయ్యలేదు, ఏమీ చెయ్యలేదు. మూతపెట్టి వేడి పోకుండా ఓ అరగంట ఉంచి రుచి చూస్తే తీపి కూడా తెలుస్తుంది. మొదట్లో ఒక చుక్క, చివర్లో ఒక చుక్క విడిగా పళ్ళెంలో తీసి చల్లారాక మందులషాపు టింక్చర్ అయోడిన్ వేసి చూడండి, స్టార్చ్ ఉంటే నల్లటి నీలం, స్టార్చ్ తగ్గేకొద్దీ ఆ నీలం పల్చబడుతుంది. (అయోడిన్ వేసింది పారబొయ్యాలి, తాగకూడదు.) పిల్లలకి చూపించండి, వాళ్ళు మర్చిపోరు. ఇంతే, మీరు మాష్ చూసేశారు. బీరు ఫ్యాక్టరీలో వేల లీటర్ల తొట్టిలో జరిగేదీ ఇదే, ఆ జావ వేడివేడిగా తాగెయ్యండి, పులవబెట్టక్కర్లేదు.

ఈ ప్రయోగంలో ముందు జావ ఎందుకు కాచామో గమనించారా. స్టార్చ్ రేణువు పచ్చిగా ఉన్నప్పుడు గట్టిగా మూసుకుని ఉంటుంది, నీళ్ళు పీల్చి ఉబ్బి విచ్చుకుంటేనే ఎంజైమ్ లోపలికి వెళ్తుంది. బార్లీ స్టార్చ్ 60 డిగ్రీల చుట్టుపక్కలే విచ్చుకుంటుంది, ఎంజైమ్‌లు పనిచేసే వేడీ దాదాపు అక్కడే, అందుకే ఒకే గిన్నెలో ఒకే వేడిలో అన్నీ జరిగిపోతాయి, ప్రపంచంలో బీరుకి బార్లీయే రాజు అవడానికి ఇది పెద్ద కారణం. బియ్యం, జొన్న, చోళ్ళు విచ్చుకోవాలంటే 70 దాటాలి, ఆ వేడికి తీపి చేసే ఎంజైమ్ బతకదు. అందుకని బియ్యం కలపాలనుకునేవాళ్ళు ముందు దాన్ని ఉడికించి అప్పుడు బార్లీ మాష్‌లో కలుపుతారు, లేదా ముందే ఆవిరిపట్టి అణిచిన అటుకుల లాంటివి కొంటారు. ఒడిశాలోనే మయూర్‌భంజ్ వైపు హండియా అనే బియ్యం బీరుకి అన్నం వండి రాను అనే బిళ్ళలు కలుపుతారు, అక్కడ మాల్ట్ లేదు, ఆ బిళ్ళల్లో ఉండే బూజే ఎంజైమ్ ఇస్తుంది. దారి వేరు, చేసే పని అదే, స్టార్చ్‌ని కొయ్యడం.

మాష్‌లో వేడి గురించి కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే గింజల్లోకి మారినందుకు మీకు దక్కే అసలు స్వేచ్ఛ ఇదే, డబ్బాలో ఇది దొరకదు. ముఖ్యమైన ఎంజైమ్‌లు రెండు. ఆల్ఫా అమైలేజ్ పొడుగాటి స్టార్చ్ గొలుసుని ఎక్కడపడితే అక్కడ తెంపుతుంది, 70 డిగ్రీల దగ్గర కూడా హుషారుగా పనిచేస్తుంది. బీటా అమైలేజ్ గొలుసు కొసల నుంచి రెండేసి ముక్కలు కొరుక్కుంటూ వస్తుంది, ఆ రెండేసి ముక్కలే మాల్టోజ్, ఈస్ట్ ఇష్టంగా తినే చక్కెర. బీటాకి 60 నుంచి 65 బాగుంటుంది, 70 కి వెళ్తే త్వరగా చచ్చిపోతుంది. ఇప్పుడు మీరు 64 దగ్గర పట్టుకుంటే బీటాకి బోలెడంత టైము, ఎక్కువ మాల్టోజ్, ఈస్ట్ దాదాపు అంతా తినేస్తుంది, బీరు తేలిగ్గా పొడిగా వస్తుంది. 68 - 69 దగ్గర పట్టుకుంటే బీటా తొందరగా అలిసిపోతుంది, ఆల్ఫా తెంపిన పెద్ద ముక్కలు మిగిలిపోతాయి, వాటిని ఈస్ట్ తినలేదు, అవి బీరులో అలాగే ఉండి నోటికి నిండుదనం ఇస్తాయి. నాలుగు డిగ్రీల తేడా, అదే గింజ, అదే హాప్స్, అదే ఈస్ట్, రెండు వేరే బీర్లు. మొదటిసారికి 66 పట్టుకోండి, అటూ ఇటూ ఒక డిగ్రీ పోయినా మంచి బీరే వస్తుంది. స్టార్చ్ మారడం చాలావరకు మొదటి అరగంటలోనే అయిపోతుంది, మిగతా అరగంట ఆ ముక్కల్ని ఇంకా చిన్నవి చెయ్యడానికి, అందుకే గంట అంటారు.

66 కావాలంటే నీళ్ళు 66 కి కాస్తే సరిపోదు, గింజ చల్లగా ఉంటుంది కాబట్టి కలపగానే వేడి పడిపోతుంది. లెక్క ఇలా. కేజీ గింజకి ఎన్ని లీటర్ల నీళ్ళో చూడండి, 0.41 ని దాంతో భాగించండి, దాన్ని కావాల్సిన వేడికీ గింజ వేడికీ ఉన్న తేడాతో గుణించి, కావాల్సిన వేడికి కలపండి. కేజీకి 3 లీటర్లు, గింజ 20 డిగ్రీలు, కావాల్సింది 66 అయితే నీళ్ళు సుమారు 72 డిగ్రీలుండాలి. అదే కేజీకి 7 లీటర్ల చొప్పున మొత్తం నీళ్ళు ఒకేసారి పోసేస్తే 69 సరిపోతుంది, నీళ్ళు ఎక్కువైతే గింజ చల్లదనం ఆనదు. చలికాలంలో గ్యారేజీలో పెట్టిన గింజ 10 డిగ్రీలకి దిగిపోతుంది, గింజలో కూడా థర్మామీటర్ పెట్టి చూసుకోండి.

సామాను సంగతికి వద్దాం, మా వాడు భయపడింది దీనికే. పెద్ద ఐసుపెట్టెలాంటి కూలర్ డబ్బాలో మాష్ చేసి, కింద జల్లెడ పెట్టి రసం దించుకుని, పైనుంచి వేడినీళ్ళు పోసి మిగిలిన తీపి కడగడం (ఆ కడగడాన్ని స్పార్జ్ అంటారు) అనేది పాత పద్ధతి, చాలా మంచి పద్ధతి, కానీ గిన్నెలు మూడు కావాలి, చోటు కావాలి. ఆస్ట్రేలియావాళ్ళు 2000ల మధ్యలో దాన్ని తేలిక చేసి పెట్టారు, బ్రూ ఇన్ ఎ బ్యాగ్ అని. ఒక పెద్ద గిన్నె, దాని అంచులకి సరిపోయే సన్నటి జాలీ సంచి. నీళ్ళన్నీ ఒకేసారి కాచి, సంచి వేసి, గింజ పోసి గంట ఉంచి, సంచి పైకెత్తి వడకట్టి పక్కన పెట్టేస్తే గిన్నెలో మిగిలింది వర్ట్, అదే గిన్నెలో మరిగించుకోవడమే. స్పార్జ్ లేదు, రసం దిగక ఇరుక్కుపోవడం లేదు. మొదలుపెట్టేవాళ్ళకి ఇదే మంచిది, అద్దె ఇంటి వంటగదిలో ఇంతకన్నా వీలైంది లేదు, మోటర్లు పంపులు ఉన్న మెషీన్లు ఇప్పుడే కొనకండి.

20 లీటర్ల గిన్నె ఉంటే పది లీటర్ల బీరు ఇలా అవుతుంది. లేత ఏల్ మాల్ట్ (ఏల్ ఒక రకం బీరు, ఇదే బేస్ మాల్ట్) 2.1 కేజీలు, మధ్యరకం క్రిస్టల్ 200 గ్రాములు, షాపులోనే మర పట్టించుకోండి, గింజ పగలాలి గానీ మన పిండిమర పిండిలా అవ్వకూడదు, పొట్టు పెద్ద ముక్కలుగా ఉంటేనే రసం వడుస్తుంది. నీళ్ళు 16 లీటర్లు, ఇన్నెందుకంటే గింజ కేజీకి ముప్పావు లీటరు పైనే పీల్చేసుకుంటుంది, మరుగులో గంటకి మూడు లీటర్ల దాకా ఆవిరవుతుంది, అడుగు మడ్డిలో ఇంకో లీటరు. నీళ్ళు 69 కి తెచ్చి, పొయ్యి ఆపి, ఒకరు గింజ పోస్తుంటే ఇంకొకరు కలుపుతూ ఉండాలి, ఉండలు కట్టనివ్వొద్దు, ఉండ మధ్యలో పొడిగా ఉన్న పిండి గంటయినా మారదు. మూతపెట్టి దుప్పటి చుట్టి గంట వదిలెయ్యండి. తర్వాత కలుపుతూ 76 దాకా వేడిచేసి సంచి ఎత్తండి, ఆ వేడికి రసం పల్చబడి బాగా దిగుతుంది.

మరిగించడం ఎక్స్‌ట్రాక్ట్‌తో చేసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తా. గంట మరుగు, మూత పెట్టకుండా. మాల్ట్ నుంచి డైమిథైల్ సల్ఫైడ్ అని ఉడికిన మొక్కజొన్న వాసన పదార్థం ఒకటి పుడుతుంది, అది ఆవిరితో పోవాలి, మూతపెడితే మళ్ళీ అందులోకే. కాస్కేడ్ లాంటి 6 శాతం ఆల్ఫా యాసిడ్ (చేదు ఇచ్చే పదార్థం) ఉన్న హాప్స్ మరుగు మొదట్లో 12 గ్రాములు, చివరి పది నిమిషాలప్పుడు 15, పొయ్యి ఆపాక ఇంకో 15. చేదు రావాలంటే హాప్స్ మరగాలి, వాసన నిలవాలంటే మరగకూడదు, అందుకే ఇన్ని విడతలు. కొరాపుట్ లాంటి ఎత్తులో నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి, డెన్వర్‌లో 95 దగ్గర, అలాంటి చోట ఉన్నవాళ్ళకి చేదు కొద్దిగా తక్కువ దిగుతుంది, ఒకట్రెండు గ్రాములు పెంచుకుంటే సరి. చల్లార్చడానికి రాగి గొట్టం చుట్ట ఉంటే మంచిదే, లేకపోతే సింకులో ఐసునీళ్ళు. నీళ్ళకి కరువున్న చోట ఆస్ట్రేలియన్లు మరిగే వర్ట్‌ని వేడికి తట్టుకునే డబ్బాలో నిండుగా పోసి గాలి లేకుండా మూసేసి, మర్నాడు దానంతటదే చల్లారాక ఈస్ట్ వేస్తారు, అదీ పనిచేస్తుంది.

నీళ్ళ గురించి ఎక్స్‌ట్రాక్ట్ వాళ్ళు ఆలోచించక్కర్లేదు, ఫ్యాక్టరీ నీళ్ళలోని ఖనిజాలు ఆ డబ్బాలోనే ఉంటాయి, మినరల్ లేని నీళ్ళు పోసినా నడుస్తుంది. గింజలకి అలా కాదు, మాష్ పీహెచ్ 5.2 - 5.6 మధ్య ఉంటే ఎంజైమ్‌లు బాగా పనిచేస్తాయి, నీళ్ళలో క్యాల్షియం ఉండాలి. మెల్‌బోర్న్ నీళ్ళు చాలా మెత్తటివి, ఒకట్రెండు గ్రాముల జిప్సమో క్యాల్షియం క్లోరైడో వేస్తే సరిపోతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ మాత్రం తప్పకుండా పోగొట్టాలి, లేకపోతే అది మాల్ట్‌తో కలిసి మందుల వాసన కొడుతుంది, షాపులో దొరికే క్యాంప్‌డెన్ మాత్రలో చిన్న ముక్క చాలు. మొదటిసారికి ఇంతకన్నా నీళ్ళ కెమిస్ట్రీలోకి దిగొద్దు, దిగితే అదొక లోకం.

ఇందాక ఆపిన మూడో కారణం. కిట్ బీరు బాగోకపోవడానికి చాలాసార్లు కారణం ఎక్స్‌ట్రాక్ట్ కాదు, పులిసేటప్పటి వేడి. మామూలు ఏల్ ఈస్ట్‌కి 18 నుంచి 20 - 22 బాగుంటుంది. పులుస్తున్న బీరు తనంతట తనే వేడెక్కుతుంది, గది 26 ఉంటే డబ్బా లోపల ఇంకా ఎక్కువ. వేడి ఎక్కువైతే ఈస్ట్ ఘాటు వాసనల్నీ, ఘాటైన ఆల్కహాల్స్‌నీ ఎక్కువ పుట్టిస్తుంది. అందుకని మా వాడికి నేను చెప్పింది, "ఒరే, గిన్నె కొనే ముందు పాత ఫ్రిజ్ ఒకటి, టెంపరేచర్ కంట్రోలర్ ఒకటి కొనరా" అని. అది లేకుండా గింజల్లోకి మారితే ఎక్కువ కష్టపడి అదే రుచి తాగుతారు, ఇది నేను నమ్మి చెప్తున్న మాట, చాలామంది గింజల్ని పొగిడి ఈ సంగతి చెప్పరు. ఫ్రిజ్ వీలుకాని వేడి ప్రాంతంలో ఉంటే నార్వే పల్లెటూళ్ళ నుంచి వచ్చిన క్వైక్ ఈస్ట్ వాడండి, అది 30 దాటినా, 35 దగ్గర కూడా శుభ్రంగా పులుస్తుంది. శుభ్రత మాటకొస్తే, మరుగు ఆపాక వర్ట్‌ని తాకే ప్రతి వస్తువూ శానిటైజర్‌లో ముంచాల్సిందే, అది కిట్‌కీ గింజకీ ఒకటే.

డబ్బు సంగతి కూడా అడుగుతారు. పది లీటర్లకి డ్రై ఎక్స్‌ట్రాక్ట్ అయితే సుమారు 1.4 కేజీలు పడుతుంది, గింజ 2.3 కేజీలు, గింజ ధర అందులో బాగా తక్కువ కాబట్టి సామాన్ల ఖర్చు తగ్గుతుంది. టైము మాత్రం పెరుగుతుంది, కిట్ గంటలో అయిపోతే ఇది నాలుగైదు గంటలు. వారంలో ఒక్క రోజు ఖాళీ ఉండేవాళ్ళకి అది చిన్న విషయం కాదు, పసిపిల్లలున్న ఇంట్లో ఎక్స్‌ట్రాక్ట్‌తోనే హాప్స్ మరిగించుకుని చేసినా మంచి బీరే వస్తుంది, దాన్ని తక్కువ చేసి చూడక్కర్లేదు.

చివరగా కొలత. హైడ్రోమీటర్ (నీళ్ళని 1.000 అనుకుని, వర్ట్ ఎంత చిక్కగా ఉందో చూపించే పరికరం) లేకుండా గింజల పని చెయ్యొద్దు. చల్లారిన వర్ట్‌లో పెట్టి చూడండి, వేడిలో చూస్తే తక్కువ చూపిస్తుంది, చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీల లెక్కన తయారైనవి. పైన చెప్పిన లెక్కకి 1.046 దగ్గర రావాలి, అది గింజలోని చక్కెరలో డెబ్బై శాతం లాగగలిగారని అర్థం. 1.040 వచ్చిందంటే మరలో గింజ సరిగ్గా పగలలేదు, లేదా ఉండలు మిగిలాయి, లేదా నీళ్ళు ఎక్కువ మిగిలాయి, చాలాసార్లు మర పట్టడంలోనే లోపం. తక్కువొచ్చినా పారబొయ్యకండి, కాస్త తేలికపాటి బీరు అవుతుంది అంతే. పులియడం ఆగాక వరుసగా రెండు మూడు రోజులు ఒకే అంకె చూపిస్తేనే సీసాల్లో పొయ్యాలి, గ్యాస్ కోసం సీసాలో వేసే చక్కెర లీటరుకి 6 గ్రాములకి మించొద్దు, పులియడం పూర్తికాకుండా మూసిన సీసాలు పేలతాయి, గాజు ముక్కలు ఇల్లంతా. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131 తో గుణిస్తే ఆల్కహాల్ శాతం, 1.046 నుంచి 1.011 కి దిగితే నాలుగున్నర.

రెండోసారి కొత్త రెసిపీ వెతక్కండి. ఇదే గింజ, ఇవే హాప్స్, ఇదే ఈస్ట్, మాష్ మాత్రం 64 దగ్గర. మూడోసారి 68 దగ్గర. ప్రతిసారీ మొదటి అంకె, చివరి అంకె ఒక పుస్తకంలో రాసుకోండి, 64 లో చేసింది 68 లో చేసినదానికంటే కిందకి దిగి ఆగుతుంది. ఒక్కోదాంట్లోంచి నాలుగు సీసాలు దాచి, మూడూ పక్కపక్కన పోసుకుని తాగి చూడండి, మీకు ఏది నచ్చిందో ఆ డిగ్రీ దగ్గర నుంచి గింజలు మార్చడం మొదలుపెట్టండి.